ఏడాదిలో నాలుగు అంగుళాలు పెరిగాడు, పిచింగ్ స్పీడ్ మాత్రం అక్కడే ఆగిపోయింది

మూడోబేస్_నాన్న
మావాడికి 13 నిండాయి, బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బాల్ వేసేవాడు. పోయిన సీజన్‌లో 46 అడుగుల దూరం నుంచి వేసేటప్పుడు టీమ్‌లో వాడిదే ఎక్కువ స్పీడ్, రాడార్ గన్‌లో గంటకి 62 మైళ్ళు పడేది. ఈ ఏడాదిలో నాలుగు అంగుళాలు పొడుగయ్యాడు. పొడుగైతే స్పీడ్ దానంతటదే వస్తుందని అందరూ చెప్పారు. ఎక్కడ వచ్చింది? ఇప్పటికీ 61, 62 దగ్గరే ఉన్నాడు. పైగా ఇదివరకు అడిగిన చోట బాల్ వేసేవాడు కాస్తా ఇప్పుడు సగం బాల్స్, ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కూర్చుని పట్టే క్యాచర్ తల మీంచి పంపిస్తున్నాడు, మిగతా సగం ప్లేట్‌కి ముందే నేలకి కొడుతున్నాడు. అదే టీమ్‌లో ఇంకో అబ్బాయి, నిరుడు వీడి వెనక ఉన్నవాడు, ఇప్పుడు 72 వేస్తున్నాడు. కోచ్ వెయిటెడ్ బాల్స్ (బరువు బాల్స్‌తో సాధన) ప్రోగ్రామ్‌లో చేర్పించమంటున్నారు, ఆరు వారాల్లో నాలుగైదు మైళ్ళు పెరుగుతుందట. మావాడూ అదే పట్టు పట్టాడు. చేర్పించమంటారా, వద్దంటారా?

డగౌట్_మామ
ఆ 72 అబ్బాయికి మీసాలు వచ్చాయా?

మూడోబేస్_నాన్న
వచ్చాయి. గొంతు కూడా మారింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

డగౌట్_మామ
ఉన్న సంబంధమంతా అదే. పిల్లలు ముందు పొడుగవుతారు, తర్వాత ఒళ్ళు చేస్తారు, బలం ఆఖర్న వస్తుంది. ఆ అబ్బాయికి మూడూ అయిపోవచ్చాయి, మీవాడికి మొదటిది నడుస్తోంది. ఇద్దరినీ ఒకే గన్ ముందు నిలబెట్టి పోల్చడం న్యాయం కాదు.

గణాంకాల_పిచ్చి
మామ చెప్పినదానికి లెక్కలు కలుపుతాను. మగపిల్లల్లో ఎత్తు అన్నిటికంటే జోరుగా పెరిగే దశ సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ళ మధ్య వస్తుంది. ఆ ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. మీరు చెప్పిన నాలుగు అంగుళాలు సరిగ్గా అంతే, కాబట్టి మీవాడు ఆ జోరు మధ్యలోనే ఉన్నట్టు. బరువు పెరిగే జోరు దీని వెనక కొన్ని నెలలకి వస్తుంది, కండబలానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. ఇదంతా సగటు లెక్క, ఒక్కో పిల్లాడికి ఏడాదో రెండేళ్ళో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అందుకే పదమూడేళ్ళ పిల్లలకి ఎముకల వయసు కట్టే ఎక్స్‌రే తీస్తే, ఒకడి ఎముకలు పదకొండేళ్ళవాడివిలా, ఇంకొకడివి పదిహేనేళ్ళవాడివిలా కనిపించొచ్చు. బర్త్ సర్టిఫికెట్లు మాత్రం ఇద్దరికీ పదమూడే చెబుతాయి.

రెండేళ్ళ ఎదుగుదల పిచింగ్‌లో ఎంత తేడా తెస్తుందో తెలియాలంటే 2001లో పిల్లల బేస్‌బాల్ పోటీ లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ గుర్తు చేసుకోండి. బ్రాంక్స్ టీమ్ తరఫున డానీ ఆల్మొంటే పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని గేమ్) వేశాడు, దేశమంతా వాడి పేరే. తర్వాత తేలిందేంటంటే వాడికి 12 కాదు, 14. ఆ టీమ్ గెలుపులు రద్దు చేశారు. మీ టీమ్‌లో 72 అబ్బాయి విషయంలో మోసమేమీ లేదు, పుట్టిన తేదీ నిజమైనదే. కానీ ఒంటికి మాత్రం ఆ రెండేళ్ళు నిజంగానే ఎక్కువ ఉండొచ్చు.

సెకండ్‌బేస్_సురే
అన్నా, దూరం కూడా మారిందా? 46 నుంచి 60 అడుగుల 6 అంగుళాలకి వెళ్ళారా?

మూడోబేస్_నాన్న
అవును, ఈ సీజన్ నుంచే పెద్ద ఫీల్డ్.

సెకండ్‌బేస్_సురే
అయితే కంట్రోల్ పోవడంలో వింతేమీ లేదు. గన్ చూపించేది బాల్ చెయ్యి వదిలే దగ్గర స్పీడ్, కాబట్టి దూరం వల్ల ఆ నంబర్ తగ్గదు. కానీ పద్నాలుగు అడుగులకి పైగా ఎక్కువ ప్రయాణం కదా, చేతి దగ్గర ఇసుమంత తేడా వస్తే ప్లేట్ దగ్గరికి వెళ్ళేసరికి అది పెద్ద తప్పవుతుంది. అందదేమోనని పిల్లలు ఒళ్ళంతా విసిరేస్తారు, దాంతో ఇంకా చెడుతుంది. ఇంకో సంగతి, 46 అడుగుల నుంచి 62 వేస్తే బ్యాటర్‌కి దొరికే టైమ్ పెద్ద ఫీల్డ్ మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) నుంచి 81 వేసినప్పుడు దొరికేంతే. నిరుడు అందరినీ హడలగొట్టినవాడు ఈ ఏడాది అదే 62తో మామూలు పిచ్చర్ అయిపోతాడు. వాడేమీ దిగజారలేదు, కానీ పిల్లాడికి అది అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి, లేకపోతే తనలోనే ఏదో పోయిందనుకుంటాడు.

లెఫ్టీ_వాళ్ళమ్మ
మా పెద్దాడికి అచ్చం ఇదే జరిగింది. ఒక్క వేసవిలో ప్యాంట్లన్నీ చీలమండల పైకి వచ్చేశాయి, బూట్లు కొన్న కొన్నాళ్ళకే బిగుతు. మెట్లెక్కుతూ తన కాళ్ళకి తనే తట్టుకునేవాడు. మౌండ్ మీద ముందు కాలు ఎప్పుడూ పడే చోటు దాటి పడేది. కాలు నేలకి ఆనేసరికి చెయ్యి ఇంకా తొడ దగ్గరే ఉండేది, మొండెం మాత్రం బ్యాటర్ వైపు తిరిగిపోయేది. ఆ వెనకబడ్డదంతా భుజంతో లాగి సరిచేసేవాడు. గేమ్‌లు వీడియో తీసే అలవాటు ఉంది కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకే తెలిసిపోయింది, కోచ్ చెప్పక్కర్లేదు. వాడు నేర్చుకున్నదంతా పాత కాళ్ళకీ పాత చేతులకీ సరిపోయేది. కొత్త ఒంటితో మళ్ళీ కుదుర్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ తర్వాత స్పీడ్ ఎవరూ అడక్కుండానే వచ్చింది.

బుల్‌పెన్_బాబాయ్
అందరూ ఓపిక పట్టమనే అంటున్నారు, నేను ఒప్పుకోను. 13, 14 ఏళ్ళ పిల్లలకి చాలా ఏళ్ళుగా కోచింగ్ ఇస్తున్నాను. గట్టిగా వెయ్యాలని ప్రయత్నించకుండా గట్టిగా వెయ్యడం ఎవరికీ రాలేదు. ఎదుగుదల ఇచ్చే స్పీడ్ అందరికీ వస్తుంది, దానిమీద వచ్చేది సాధనతోనే. అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఇవాళ సగటు ఫాస్ట్‌బాల్ 94 మైళ్ళ దగ్గర ఉంది. హైస్కూల్ టీమ్ ఎంపికకి పెట్టే ట్రయౌట్‌లో కోచ్ ముందు చూసేది గన్‌లో నంబరే. "తర్వాత వస్తుందిలే" అని కూర్చుంటే ఆ తర్వాత నాటికి మౌండ్ మీద చోటు ఉండదు. ఇంకోటి కూడా ఉంది. చిన్నప్పటి నుంచి వేసే పిల్లల చేతి పై ఎముకలో పుట్టుకతో ఉండే మెలి పూర్తిగా విడిపోకుండా కొంత నిలిచిపోతుంది, అందుకే వాళ్ళ చెయ్యి అంత వెనక్కి వాలుతుంది. ఎముకలు ఎదగడం ఆగిపోయాక ఎంత వేసినా అది రాదు. కాబట్టి ఈ వయసులో వెయ్యాల్సిందే. వెయిటెడ్ బాల్స్ కూడా తెలిసిన ట్రైనర్ దగ్గర చేయిస్తే పనిచేస్తాయి, కళ్ళారా చూశాను.

ఫిజియో_శారద
బాబాయ్ గారూ, ఎముక మెలి గురించి మీరు చెప్పింది నిజమే. కానీ దానికి మామూలుగా క్యాచ్ ఆడటం, మామూలు పిచింగ్ చాలు, బరువు బాల్స్ అక్కర్లేదు. అవి పనిచేయవని కూడా నేననను. దానికోసం ఏం పణంగా పెడుతున్నామన్నదే నా బాధ. 13 నుంచి 18 ఏళ్ళ పిచ్చర్ల మీద ఆరు వారాల వెయిటెడ్ బాల్ ప్రోగ్రామ్ పెట్టి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. స్పీడ్ సగటున 3.3 శాతం పెరిగింది. 62కి లెక్కేస్తే రెండు మైళ్ళు, కోచ్ గారు చెప్పిన నాలుగైదు కాదు. ఆ గుంపులో 24 శాతం మందికి గాయాలయ్యాయి. ఆ బాల్స్ లేకుండా మామూలు ట్రైనింగ్ చేసిన రెండో గుంపులో ఆ కాలంలో ఒక్కరికీ కాలేదు.

మూడోబేస్ గారూ, అవన్నీ తర్వాత. బాబుకి నొప్పి ఏమైనా ఉందా? భుజమా, మోచెయ్యా? వేసేటప్పుడా, వేశాకా?

మూడోబేస్_నాన్న
మీరు అడిగాక వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ముందు ఏమీ లేదన్నాడు. మళ్ళీ అడిగితే, గట్టిగా వేసినప్పుడు భుజం బయటివైపు, కొంచెం కిందగా పట్టేసినట్టు ఉంటుందట, మర్నాటికి పోతుందట. సీజన్ మొదటి నుంచీ ఉందట. నాకెందుకు చెప్పలేదురా అంటే "చెబితే వెయ్యనివ్వరు కదా" అన్నాడు.

ఫిజియో_శారద
ఇవాళ్టి నుంచి వెయ్యడం ఆపించండి. పిచింగ్ ఒక్కటే కాదు, క్యాచ్ ఆడటం కూడా.

ఎందుకో చెబుతాను. చేతి పై ఎముకకి భుజం దగ్గర చివర గ్రోత్ ప్లేట్ ఉంటుంది. ఆ ఎముక పొడుగులో దాదాపు 80 శాతం అక్కడి నుంచే వస్తుంది. అది ఇంకా గట్టి ఎముక కాలేదు, చుట్టూ ఉన్న లిగమెంట్లకంటే (ఎముకల్ని కలిపి కట్టేవి), టెండన్లకంటే (కండని ఎముకకి కట్టేవి) బలహీనం. పెద్దవాళ్ళు అతిగా వేస్తే లిగమెంటో టెండనో చిరుగుతుంది, పిల్లల్లో ముందు దెబ్బ ఈ ప్లేట్‌కి తగులుతుంది. ఎముక జోరుగా పెరుగుతున్న నెలల్లో అది మరీ నాజూకు. ప్రతి పిచ్‌కీ, అంటే వేసే ప్రతి బాల్‌కీ, చెయ్యి బాగా వెనక్కి వాలి ఒక్క విసురుతో ముందుకి తిరుగుతుంది, ఆ మెలిపెట్టే బలమంతా అక్కడ పడుతుంది. దీన్ని లిటిల్ లీగ్ షోల్డర్ అంటారు, ఎక్కువగా 11 నుంచి 16 ఏళ్ళ మధ్య చూస్తాం. మోచేతి లోపలివైపు ఇలాంటిదే వస్తే లిటిల్ లీగ్ ఎల్బో. మీవాడిది అదేనని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. పిల్లల ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, రెండు భుజాలకీ ఎక్స్‌రే తీయమని అడగండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

బుల్‌పెన్_బాబాయ్
ప్రతి పట్టేసినదానికీ ఎక్స్‌రే అంటే మా టీమ్‌లో సగం మంది హాస్పిటల్లోనే ఉండాలి. కండరం నొప్పి ఆటలో భాగం అమ్మా.

ఫిజియో_శారద
కండరం నొప్పి వేసిన మర్నాడు ఎక్కువగా ఉండి ఒకటి రెండు రోజుల్లో పోతుంది, ఒకచోటని కాకుండా చెయ్యంతా లాగుతుంది. దానికి నేనూ ఎక్స్‌రే అడగను. వీడిది అలా కాదు. వేసేటప్పుడే వస్తోంది, ప్రతిసారీ అదే చోట, సీజన్ మొదటి నుంచీ ఉంది, పైగా నాలుగు అంగుళాలు పెరిగిన ఏడాది. ఈ నాలుగూ కలిసిన పిల్లాడిని నేను వెయ్యనివ్వను. స్పీడ్ పెరక్కపోవడానికి కూడా ఆ నొప్పే ఒక కారణం అయుండొచ్చు. నొప్పి వస్తుందని తెలిసిన చెయ్యి తెలియకుండానే తగ్గించి వేస్తుంది.

లెఫ్టీ_వాళ్ళమ్మ
"చెబితే వెయ్యనివ్వరు కదా" అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. ఇంట్లో రోజూ స్పీడెంత, స్పీడెంత అని అడుగుతుంటే ఏ పిల్లాడైనా నొప్పి దాచుకుంటాడు. మా ఇంట్లో గేమ్ అయ్యాక మొదటి ప్రశ్న "చెయ్యి ఎలా ఉంది" అనే. ఎన్ని స్ట్రైక్‌లు, ఎంత స్పీడ్ అన్నవి ఆ తర్వాతే.

గణాంకాల_పిచ్చి
శారద గారికి మద్దతుగా రెండు అధ్యయనాలు. 2006లో వచ్చినదాంట్లో మోచెయ్యికో భుజానికో ఆపరేషన్ అయిన కుర్ర పిచ్చర్లనీ, ఏమీ కానివాళ్ళనీ పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకి మించి పిచింగ్ చేసేవాళ్ళకి ఆపరేషన్ దాకా వెళ్ళే అవకాశం 5 రెట్లు. చెయ్యి అలిసిపోయినా తరచూ వేసేవాళ్ళకి 36 రెట్లు. ముప్ఫై ఆరు! 2011లో వచ్చిన రెండోది పిల్లలని పదేళ్ళపాటు గమనించి చేసింది. ఏడాదికి 100 ఇన్నింగ్స్‌కి మించి వేసినవాళ్ళకి పెద్ద గాయం అయ్యే అవకాశం మూడున్నర రెట్లు.

బాబాయ్ గారూ, గట్టిగా వెయ్యడం నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. అలిసిన చేత్తో, ఏడాది పొడుగునా, ఒళ్ళు సాగుతున్న నెలల్లో వెయ్యొద్దని అంటున్నాం.

డగౌట్_మామ
మూడోబేస్ గారూ, మీవాడు ఎన్ని టీమ్‌లకి ఆడుతున్నాడు?

మూడోబేస్_నాన్న
రెండు. లీగ్ ఒకటి, ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ టీమ్ ఒకటి. వారంలో మధ్యలో లీగ్, శని ఆదివారాలు ట్రావెల్. వేయని రోజు క్యాచర్‌గా కూర్చుంటాడు.

డగౌట్_మామ
అక్కడ దొరికింది. ఈ కోచ్ లెక్క ఆ కోచ్‌కి తెలీదు, ఆ కోచ్ లెక్క ఈ కోచ్‌కి తెలీదు. ఇద్దరూ నిజాయితీగా రూల్ పాటిస్తారు, చేతికి మాత్రం రెట్టింపు పడుతుంది. క్యాచర్ వేసే బాల్స్ అయితే ఏ లెక్కలోకీ రావు. కలిపి రాసుకోవాల్సింది మనమే.

నీలిచొక్కా_అంపైర్
లిటిల్ లీగ్‌లో 2007 నుంచి ఇన్నింగ్స్ లెక్క తీసేసి పిచ్ కౌంట్ (వేసిన బాల్స్ లెక్క) పెట్టారు. 11, 12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85, 13 నుంచి 16 దాకా 95. పద్నాలుగేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు 66 లేదా అంతకంటే ఎక్కువ వేస్తే నాలుగు రోజులు రెస్ట్, 51 నుంచి 65 అయితే మూడు, 36 నుంచి 50 అయితే రెండు, 21 నుంచి 35 అయితే ఒకటి. 41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా కూర్చోకూడదు. క్యాచర్‌గా నాలుగు ఇన్నింగ్స్ కూర్చున్నవాడు ఆ రోజు పిచింగ్ చెయ్యకూడదు. రూల్స్ బాగానే ఉన్నాయి, కానీ అవి పుట్టినరోజు చూస్తాయి, ఒళ్ళు చూడవు. 95 అనేది మీసాలొచ్చినవాడికీ రానివాడికీ ఒకటే. అంపైర్‌గా ఆ సంఖ్య దాటితే ఆపగలను, దాటకముందే అలిసిపోయినవాడిని ఆపే అధికారం నాకు లేదు. అది కోచ్ చెయ్యాలి, తల్లిదండ్రులు చెయ్యాలి.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనలు కూడా చూడండి. 13, 14 ఏళ్ళవాళ్ళకి ఏడాదికి 100 ఇన్నింగ్స్ మించొద్దు, నాలుగు నెలలు అసలు చెయ్యెత్తి వెయ్యొద్దు, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి అంటారు.

బుజ్జి_క్యాచర్
మధ్యలో దూరుతున్నా. మావాడికి 11. వాళ్ళ టీమ్‌లో ఒకడు కర్వ్‌బాల్ (గాల్లో వంపు తిరిగే బాల్) వేస్తున్నాడని మావాడూ నేర్పమని బుర్ర తింటున్నాడు. నేర్పించొచ్చా?

బుల్‌పెన్_బాబాయ్
వద్దు. ఇందులో నాకూ వాళ్ళకీ తగాదా లేదు. ఫాస్ట్‌బాల్, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి మెల్లగా వచ్చే బాల్) అంతే. ఫాస్ట్‌బాల్ పట్టుతోనే వేళ్ళు మార్చి చేంజప్ నేర్పండి, పదకొండేళ్ళ బ్యాటర్లకి అది చాలు. మొదటి రెండూ కుదిరాక, 13, 14 దగ్గర కర్వ్ గురించి ఆలోచించొచ్చు.

ఫిజియో_శారద
బాబాయ్ గారి మాటే నాదీ. ల్యాబ్‌లో కొలిచినప్పుడు కర్వ్‌బాల్ ఫాస్ట్‌బాల్‌కంటే మోచేతి మీద ఎక్కువ బలం పెడుతుందని తేలలేదు, అది నిజం. కానీ ల్యాబ్‌లో వేసేది సరైన పద్ధతి తెలిసినవాళ్ళు. పదకొండేళ్ళవాడు మణికట్టు మెలితిప్పి వేస్తాడు, బాగా తిరిగిందని వందసార్లు వేస్తాడు.

సెకండ్‌బేస్_సురే
ఎత్తు గురించి ఒక అనుమానం. నేను 5 అడుగుల 7, మా ఆవిడ 5 అడుగుల 2. మావాడికి 12. వీడు పిచ్చర్‌గా పనికొచ్చేంత పెరుగుతాడా? పొడుగువాళ్ళకే స్పీడ్ అంటారు కదా.

గణాంకాల_పిచ్చి
ఇద్దరి ఎత్తూ కలిపి సగం చేసి, మగపిల్లాడైతే ఆరున్నర సెంటీమీటర్లు కలపాలి. మీ లెక్క 170 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది, అంటే మళ్ళీ 5 అడుగుల 7. అటూ ఇటూ 8, 10 సెంటీమీటర్లు తేడా రావచ్చు కాబట్టి దాన్ని పట్టుకుని నిర్ణయాలు తీసుకోకండి. పొడుగు చెయ్యికి లాభం ఉంది, అదే వేగంతో తిరిగినా చివర బాల్ ఎక్కువ వేగంగా వెళ్తుంది. కానీ మార్కస్ స్ట్రోమన్ ఎత్తు 5 అడుగుల 7, మేజర్ లీగ్‌లో స్టార్టర్‌గా (గేమ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా) ఆడాడు. టిమ్ లిన్సెకమ్ 5 అడుగుల 11, 2008, 2009లో వరసగా బెస్ట్ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు. బిల్లీ వాగ్నర్ 5 అడుగుల 10, చిన్నప్పుడు కుడి చెయ్యి విరిగితే ఎడమ చేత్తో వెయ్యడం నేర్చుకుని వంద మైళ్ళు వేశాడు, 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు.

లెఫ్టీ_వాళ్ళమ్మ
ఆడపిల్లల సంగతి కూడా చెప్పండి. వాళ్ళకి ఈ జోరు పదకొండు, పన్నెండేళ్ళకే వస్తుంది. 2014 లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో మోనే డేవిస్ పదమూడేళ్ళకి 70 మైళ్ళు వేసి షటౌట్ (ఎదుటి టీమ్‌కి ఒక్క పరుగూ ఇవ్వని గేమ్) గెలిచింది, అక్కడ అలా గెలిచిన మొదటి అమ్మాయి. ఆడపిల్లలకి నొప్పి మొదలయ్యేది కూడా కొంచెం ముందే, సాఫ్ట్‌బాల్ తల్లిదండ్రులు పదేళ్ళ నుంచే కనిపెట్టుకుని ఉండాలి.

డగౌట్_మామ
ఆలస్యంగా వచ్చినవాళ్ళని కూడా తలుచుకుందాం. మేజర్ లీగ్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ కాలేజీలో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్). పిచింగ్ మొదలుపెట్టింది కాలేజీ చివర్లో. 2010 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ టీమ్‌లు కొత్తవాళ్ళని ఎంచుకునేది) తొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నారు. 2018, 2019 సై యంగ్ అతనిదే. మన దేశం నుంచి వెళ్ళిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అయితే 2008 దాకా బేస్‌బాల్ పట్టుకోలేదు, ఇద్దరూ జావెలిన్ వేసేవాళ్ళు. టాలెంట్ పోటీలో గెలిచి ఆ ఏడాదే మేజర్ లీగ్ టీమ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కాంట్రాక్ట్ సంతకం చేశారు. మౌండ్ తలుపులు పదమూడేళ్ళకే మూసుకుపోవు బాబాయ్.

బుల్‌పెన్_బాబాయ్
డిగ్రామ్‌కి 2010లో ఒకసారి, 2023లో ఒకసారి మోచేతి లిగమెంట్ ఆపరేషన్ అయింది, అదీ చెప్పండి. జావెలిన్ వేసినవాళ్ళు కూడా చిన్నప్పటి నుంచి చెయ్యెత్తి విసిరినవాళ్ళే. వేలల్లో ఒకరిద్దరిని చూపించి అందరినీ ఆగమంటే ఎలా?

డగౌట్_మామ
ఆ ఆపరేషన్లే మేం భయపడేది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్‌కి మొదటిసారి చేసినప్పుడు ఆయన ముప్ఫై దాటిన మేజర్ లీగ్ పిచ్చర్. ఇప్పుడు అదే ఆపరేషన్ హైస్కూల్ పిల్లలకి చేస్తున్నారు. అది చేయించుకుంటే స్పీడ్ పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆపరేషన్ స్పీడ్ ఇవ్వదు. ఏడాదికి పైగా చేసే రీహాబ్‌లో కాళ్ళూ నడుమూ గట్టిపడతాయి, స్పీడ్ వస్తే అందువల్ల వస్తుంది. ఆ వ్యాయామమేదో చెయ్యి కోయించుకోకుండానే చెయ్యొచ్చు.

మూడోబేస్_నాన్న
ఎక్స్‌రే అయింది. శారద గారు చెప్పిందే. వేసే భుజంలో గ్రోత్ ప్లేట్ గీత రెండో భుజంలోకంటే వెడల్పుగా ఉంది, పక్కపక్కన పెడితే నాకే కనిపించింది. లిటిల్ లీగ్ షోల్డర్ అన్నారు. మూడు నెలలు వెయ్యడం పూర్తిగా బంద్, తర్వాత మళ్ళీ చూసి చెబుతామన్నారు. ఇప్పుడే ఆపితే పూర్తిగా మానుతుందన్నారు, అంతవరకు ఊపిరి పీల్చుకున్నాం. వాడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ దగ్గర ఏడ్చాడు. లీగ్ కోచ్ వెంటనే అర్థం చేసుకున్నారు. ట్రావెల్ కోచ్ "ఫస్ట్ బేస్‌లో నిలబెడదాం, అక్కడ పెద్దగా వెయ్యక్కర్లేదు" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఫిజియో_శారద
వద్దు. బంద్ అంటే బందే. ఫస్ట్ బేస్ నుంచి కూడా ఒక్కోసారి హోమ్‌కి గట్టిగా వెయ్యాల్సి వస్తుంది. గేమ్ మధ్యలో పిల్లాడు డాక్టర్ మాట గుర్తుపెట్టుకుని మెల్లగా వెయ్యడు. బ్యాటింగ్ నొప్పి లేకుండా ఉంటే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, మీ డాక్టర్‌ని అడిగి హిట్టర్‌గా మాత్రమే ఆడించండి.

మూడోబేస్_నాన్న
అలాగే. మరి ఈ మూడు నెలలూ వాడు ఏం చెయ్యాలి? ఖాళీగా ఉంటే పిచ్చెక్కిపోతాడు. వ్యాయామం చేయిస్తే ఎదుగుదల ఆగిపోతుందని మా అమ్మ భయం.

ఫిజియో_శారద
అమ్మగారికి చెప్పండి, ఎవరైనా దగ్గరుండి సరైన పద్ధతిలో చేయిస్తే బరువులతో వ్యాయామం పిల్లల ఎదుగుదలని ఆపదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతుంది. స్క్వాట్లు, లంజ్‌లు, ఒంటికాలి మీద నిలబడి బ్యాలెన్స్, పొట్టకీ నడుముకీ ప్లాంక్‌లు. పిచింగ్‌లో బలం కాళ్ళ నుంచి మొదలై నడుము మీదుగా చేతికి వస్తుంది. కింద బలహీనంగా ఉంటే ఆ లోటంతా భుజం మోస్తుంది. భుజం కీలు చుట్టూ ఉండే కండరాల వ్యాయామాలు మాత్రం డాక్టర్ సరేనన్నాకే. నిద్ర విషయంలో మొహమాటపడకండి, ఈ వయసులో 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి గేమ్, తెల్లారి టోర్నమెంట్ అనేవి ముందు మానాల్సినవి.

గణాంకాల_పిచ్చి
నెలకోసారి ఎత్తు కొలిచి గోడ మీద తేదీతో రాయండి. కూర్చున్న ఎత్తు కూడా కొలవండి. కాళ్ళు ముందు పెరుగుతాయి, మొండెం తర్వాత. నెలనెలా పెరిగేది తగ్గుతూ వచ్చిందంటే జోరు దాటుతోందని అర్థం. మళ్ళీ పిచింగ్ లోడ్ పెంచేటప్పుడు డాక్టర్‌కి ఆ కాగితం చూపించండి.

మూడోబేస్_నాన్న
వాడిని స్కోర్‌బుక్ దగ్గర కూర్చోబెట్టి పిచ్ కౌంట్ రాసే పని ఇచ్చారు లీగ్ కోచ్. నిన్న గేమ్‌లో మా పిచ్చర్ 50 దగ్గరికి రాగానే "ఇంకొక్కటి వేస్తే మూడు రోజులు రెస్ట్ పడుతుంది కోచ్" అని లేచి మరీ చెప్పాడు. కోచ్ పిచ్చర్‌ని మార్చారు.

నీలిచొక్కా_అంపైర్
అలాంటివాడు ప్రతి డగౌట్‌లోనూ ఒకడుంటే నా పని సగం తగ్గుతుంది.

బుల్‌పెన్_బాబాయ్
నొప్పి లేని పిల్లల విషయంలో నా మాట నాదే, గట్టిగా వెయ్యడం నేర్పాల్సిందే. మీవాడి విషయంలో డాక్టర్ చెప్పిందే చెయ్యండి. మళ్ళీ మొదలుపెట్టే రోజున మౌండ్ ఎక్కించకండి. సమతలం నేల మీద 30, 45 అడుగుల నుంచి మెల్లగా క్యాచ్, రోజు విడిచి రోజు. నొప్పి రాకపోతేనే దూరం పెంచాలి, 60, 90, 120 అలా. ఏ మెట్టులోనైనా నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. ఆ దూరాలన్నీ అయ్యాకే మౌండ్, అదీ సగం బలంతో ఫాస్ట్‌బాల్ ఒక్కటే. అప్పటిదాకా రాడార్ గన్ ఎవరూ బయటికి తియ్యకూడదు, ట్రావెల్ కోచ్ కూడా.

మూడోబేస్_నాన్న
ట్రావెల్ టీమ్ ఈ ఏడాదికి వదిలేస్తున్నాం బాబాయ్, ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. ఈ క్యాచ్ వరస ప్రింట్ తీసి డాక్టర్‌కి చూపిస్తాను. ఆయన సరే అంటే అలాగే చేయిస్తాను.